ఆ సీసా ఎవరి పరిధిలోకి వస్తుంది?

ఆహార భద్రత, ఔషధ నియంత్రణ, ఆయుష్ విభాగాల అధికారులకూ, జీర్ణకోశ వైద్యులకూ ఒక పెద్దపేగు పూత రోగి రాస్తున్న బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు, వైద్యులకు నమస్కారాలు.

నేను ఉత్తర తెలంగాణలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధించే ఉపాధ్యాయుణ్ని. 2011 నుంచి అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు పూత వ్యాధితో బతుకుతున్నాను. సహజమైనవని, మూలికలతో చేసినవని చెప్పి అమ్ముతున్న సప్లిమెంట్ల వల్ల నాకు జరిగిన నష్టాన్ని రెండేళ్లుగా మూడు కార్యాలయాలకు రాతపూర్వకంగా చెప్పుకున్నాను. ఒక చోటి నుంచి రసీదు వచ్చింది. సరైన జవాబు ఎక్కడి నుంచీ రాలేదు. అందువల్ల అదే సంగతిని ఇప్పుడు అందరి ముందూ పెడుతున్నాను.

నేను మూలికలకు విరోధిని కానని ముందే చెప్పాలి. పసుపు పండించే ఇంట్లో పుట్టినవాణ్ని. కొమ్ములు ఉడకబెట్టే రోజుల్లో ఊరంతా కమ్ముకునే వాసన, మా నాన్న నిజామాబాదు మార్కెట్ యార్డుకు బస్తాలు తోలుకెళ్లి ధర కోసం రెండేసి రాత్రులు అక్కడే పడుకోవడం ఇంకా గుర్తున్నాయి. తెగిన వేలికి పసుపు అద్దాలని, జలుబు చేస్తే పసుపు పాలు తాగాలని నాకు ఏ ప్రకటనా నేర్పలేదు, మా నాయనమ్మ నేర్పింది. ఆ నమ్మకమే నన్ను ఆ సీసా దగ్గరికి తీసుకెళ్లింది. దాన్ని సొమ్ము చేసుకున్నవారి మీద నాకు కోపం ఎక్కువగా ఉందంటే కారణం అదే.

జరిగింది ఇది. 2023 ఆగస్టు నాటికి నా వ్యాధి చాలావరకు అదుపులోనే ఉంది. రోజూ పేగు వాపును తగ్గించే మెసలమైన్ మాత్రలు, వాటితోపాటు రోగనిరోధక శక్తిని అణచి ఉంచే అజాథయోప్రిన్ వేసుకునేవాణ్ని. అయినా ఉదయం ప్రార్థన సమయానికీ మొదటి పీరియడుకూ మధ్య కడుపు ఏ క్షణంలో తొందరపెడుతుందో తెలియని భయం మాత్రం పోలేదు. ఈ జబ్బు ఉన్నవారికి ఆ భయం గురించి వివరించనక్కరలేదు. లేనివారికి ఎంత వివరించినా నవ్వులాటగానే ఉంటుంది. బస్సెక్కే ముందు మరుగుదొడ్డి ఎక్కడుందో చూసుకోవడం, పెళ్లి భోజనంలో వడ్డించినవన్నీ పక్కకు తోసి పెరుగన్నం కలుపుకోవడం, 'ఇంకా ఎన్నాళ్లు ఈ మందులు?' అని ఇంట్లోవాళ్లు అడిగినప్పుడు 'జీవితాంతం' అనే మాటను నోటిదాకా తెచ్చుకుని మింగేయడం మాకు మామూలే. అటువంటి స్థితిలో ఉన్నప్పుడు ఒక టీవీ ఛానెల్లో అరగంట కార్యక్రమం చూశాను. గ్యాస్, పేగు కదలికలు గాడితప్పే ఐబీఎస్, కొలైటిస్ అన్నీ ఒకే జబ్బు అన్నట్లు మాట్లాడి, అన్నింటికీ ఒకే సీసా చూపించి, కింద ఫోను నంబరు వేశారు. ఐబీఎస్‌లో పేగుకు పుండు పడదు, పెద్దపేగు పూతలో పడుతుంది. ఆ సంగతి తెలిసి కూడా ఫోను చేశాను.

అవతలి నుంచి మాట్లాడిన 'ఆరోగ్య సలహాదారు' నాతో 40 నిమిషాలు మాట్లాడాడు. ఏం తింటున్నాను, ఎన్ని గంటలు నిద్రపోతున్నాను, బడిలో ఒత్తిడి ఎలా ఉంది, అన్నీ ఓపికగా అడిగాడు. నా పన్నెండేళ్ల వైద్యంలో ఏ ఒక్కరూ నాతో అంతసేపు కూర్చుని మాట్లాడలేదు. దీన్ని వైద్యుల మీద నిందగా రాయడం లేదు. బయట వంద మంది కూర్చుని ఉన్నప్పుడు ఎవరైనా అయిదు నిమిషాలకు మించి ఇవ్వలేరు. కానీ ఆ అయిదు నిమిషాలకూ ఈ 40 నిమిషాలకూ మధ్య ఉన్న ఖాళీలోనే ఈ వ్యాపారమంతా నడుస్తోంది. "సార్, ఇది మందు కాదు, ఆహారమే. ఆహారానికి దుష్ఫలితాలుంటాయా?" అన్నాడు. మూడు నెలలు వాడాక ఇంగ్లీషు మాత్రలు ఒక్కొక్కటీ తగ్గించుకోవచ్చని కూడా అన్నాడు. 60 క్యాప్సూళ్ల సీసా 1,890 రూపాయలు. దాని మీద పసుపు సారం, మిరియాల సారం అని రాసి ఉంది. ఆహార లైసెన్సు నంబరు ఉంది. భూతద్దం పెడితే తప్ప కనపడని అక్షరాల్లో 'ఔషధంగా వాడటానికి కాదు' అని ఇంగ్లీషులో ఉంది. ఫోనులో చెప్పినదంతా ఔషధం గురించి, సీసా మీద రాసినదంతా ఆహారం గురించి.

ఏడో వారానికి మూత్రం ముదురు రంగులోకి మారింది, అన్నం సహించలేదు, కళ్లు పచ్చబడ్డాయి. కాలేయ పరీక్షలో సుమారు 40 లోపు ఉండవలసిన ఎస్‌జీపీటీ 612కు చేరింది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. వైద్యులు క్యాప్సూళ్లనూ అజాథయోప్రిన్‌నూ రెండింటినీ ఆపేశారు. అజాథయోప్రిన్ కూడా కాలేయాన్ని దెబ్బతీయగలదు కాబట్టి దోషం దేనిదని అడిగితే, "రెండూ చేయగలవు, రెండూ కలిసీ చేసి ఉండవచ్చు, ఇదేనని వేలు పెట్టి చూపలేను" అని నిజాయతీగా చెప్పారు. నేనూ ఈ లేఖలో అంతకు మించి ఆరోపించడం లేదు. అయితే పేగును అదుపులో పెట్టిన మందు ఆగిపోవడంతో ఆరు వారాల్లో రక్త విరేచనాలు తిరగబెట్టాయి. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ 40 మిల్లీగ్రాములతో మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చింది. ముఖం ఉబ్బింది, చక్కెర పెరిగింది, 54 రోజులు బడికి వెళ్లలేదు. ఆ ఏడు పదో తరగతి పిల్లలకు పాఠ్యాంశాలు పూర్తిచేయలేకపోయిన బాధ వేరే ఉంది.

కోలుకున్నాక ఫిర్యాదు రాశాను. మొదటి కార్యాలయంలో లేబుల్ చూసి, "జబ్బు తగ్గుతుందని చెప్పారంటే అది ఔషధం సంగతి, మాది కాదు" అన్నారు. రెండో కార్యాలయంలో అదే లేబుల్ మీది నంబరు చూపించి, "ఇది ఆహారం లైసెన్సు, మేం ముట్టుకోలేం" అన్నారు. మూడో కార్యాలయంలో, ఇది ఆయుర్వేద ఔషధంగా నమోదైనది కాదు కాబట్టి తమకు సంబంధం లేదన్నారు. సమాచార హక్కు కింద అడిగితే 'తగు చర్య నిమిత్తం సంబంధిత కార్యాలయానికి పంపడమైనది' అని ఒక్క వాక్యం వచ్చింది. సంబంధిత కార్యాలయం ఏదన్నదే కదా నేను అడిగింది!

ఈలోగా చదవగలిగినంత చదివాను. తెలిసిన మేరకు ఇక్కడ పెడుతున్నాను, ఎందుకంటే 'సహజమైనదంతా మోసం' అని చెప్పి తప్పుకోవడం కూడా అన్యాయమే.

పసుపులోని కర్క్యుమిన్ మీద ఈ వ్యాధిలో నిజమైన పరిశోధనలు జరిగాయి. 2006లో జపాన్‌లో వ్యాధి సద్దుమణిగి ఉన్న 89 మంది మీద చేసిన పరిశీలనలో, మామూలు మందులతోపాటు రోజుకు 2 గ్రాముల కర్క్యుమిన్ తీసుకున్న 43 మందిలో ఆరు నెలల్లో ఇద్దరికే వ్యాధి తిరగబెట్టింది. మందు లేని ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 39 మందిలో ఎనిమిది మందికి తిరగబెట్టింది. 2015లో మెసలమైన్‌తో తగ్గని 50 మంది మీద మరో పరిశీలన చేశారు. దానికి తోడు రోజుకు 3 గ్రాములు ఇచ్చిన 26 మందిలో 14 మంది నెల రోజుల్లో ఉపశమన దశకు చేరారు. రెండో వర్గంలోని 24 మందిలో ఒక్కరూ చేరలేదు. ఇవి చిన్న పరిశీలనలే అయినా తీసిపారేయదగినవి కావు. కానీ మన ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 62 మందికి రోజుకు 450 మిల్లీగ్రాముల చొప్పున ఎనిమిది వారాలు ఇచ్చి చూసినప్పుడు ఉత్తుత్తి మాత్రకన్నా మెరుగైన ఫలితం రాలేదని 2017లో ప్రచురించారు. అంటే ఎంత మోతాదు, ఏ మందుతో కలిపి, ఎవరి పర్యవేక్షణలో అన్నదే అసలు విషయం. మేలు కనిపించిన ఆ రెండు పరిశీలనల్లోనూ అసలు మందు ఆపలేదు. నాకు ఫోనులో సలహా చెప్పినతను సరిగ్గా ఆ ముక్కనే వదిలేశాడు.

ఇంకో లెక్క కూడా చెప్పాలి. మంచి పసుపు పొడిలో కర్క్యుమిన్ సుమారు నూటికి మూడు పాళ్లు ఉంటుంది. ఆ లెక్కన 3 గ్రాముల కర్క్యుమిన్ కావాలంటే దాదాపు 100 గ్రాముల పసుపు కావాలి. మా ఇంట్లో నలుగురికి నెలరోజుల వంటకు సరిపోయే పసుపు అది. దానికి మిరియాల్లోని పైపరిన్ జోడిస్తే రక్తంలోకి చేరే మోతాదు ఎన్నో రెట్లు పెరుగుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులే చూపించారు. ఇదే పైపరిన్ మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ వంటి మందుల మోతాదును కూడా రక్తంలో పెంచుతుంది. కాబట్టి పప్పులో వేసే చిటికెడు పసుపును చూపించి క్యాప్సూల్‌ను అమ్మడం, చెరుకు ముక్కను చూపించి సారా అమ్మినట్లే. పసుపు సప్లిమెంట్లతో కాలేయం దెబ్బతిన్న కేసులు బయటపడ్డాక ఇటలీ 2022లో వాటి సీసాల మీద హెచ్చరికను తప్పనిసరి చేసింది. పసుపు పుట్టిన దేశంలో, జాతీయ పసుపు బోర్డుకు 2025లో నిజామాబాదులో ప్రధాన కార్యాలయం తెరిచిన దేశంలో, అటువంటి హెచ్చరిక నా సీసా మీద లేదు.

ఇక మాలాంటివారికి రోజూ జరుగుతున్నదేమిటో వరుసగా చెబుతాను.

1. మేము వైద్యుల దగ్గర దాస్తున్నాం. ఆసుపత్రి వరుసలో నా పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ చీర కొంగులో చూర్ణం పొట్లం కట్టుకుని, "డాక్టరుకు చెప్పకు నాయనా, తిడతాడు" అంది. ఆమె అన్నది అబద్ధం కాదు. నేను చెప్పినప్పుడు నన్నూ తిట్టారు. తిట్టినందువల్ల ఎవరూ మానరు, చెప్పడం మాత్రం మానేస్తారు. ఆ తర్వాత కాలేయ పరీక్ష తేడాగా వచ్చినా, విరేచనాలు పెరిగినా, వైద్యుడు సగం సమాచారంతో నిర్ణయం తీసుకుంటాడు.

2. 'కడుపు శుభ్రం' పేరుతో అమ్మే చూర్ణాల్లో చాలావాటిలో సునాముఖి ఉంటుంది. కలబంద ఆకు పైపొర కింద ఉండే పసుపుపచ్చని పాలలోనూ అదే తరహా విరేచనకారి ఉంటుంది. (అమెరికా 2002లోనే కలబందను విరేచనాల మందుగా దుకాణాల్లో అమ్మకుండా తొలగించింది. లోపలి గుజ్జు సంగతి వేరు. దాన్ని 2004లో ఈ వ్యాధి ఉన్న 44 మంది మీద పరీక్షించినప్పుడు కొంత మేలు కనిపించింది.) పుండ్లు పడిన పెద్దపేగు ఉన్నవాడు ఈ చూర్ణం తాగితే విరేచనాలు పెరుగుతాయి. అది చూర్ణం వల్లనా, వ్యాధి తిరగబెట్టడం వల్లనా అన్నది పైకి చూస్తే తెలియదు. వ్యాధే అనుకుంటే స్టెరాయిడ్ మోతాదు పెరుగుతుంది. ఎముకలు, కళ్లు, చక్కెర అన్నీ ఆ పొరపాటుకు మూల్యం చెల్లిస్తాయి.

3. ఇసబ్గోల్ విషయం దీనికి పూర్తిగా భిన్నం. 1999లో స్పెయిన్‌లో పెద్దపేగు పూత సద్దుమణిగిన 105 మందిని ఏడాదిపాటు గమనించినప్పుడు, ఇసబ్గోల్ గింజలు తీసుకున్నవారిలో 40 శాతం మందికి, మెసలమైన్ తీసుకున్నవారిలో 35 శాతం మందికి, రెండూ తీసుకున్నవారిలో 30 శాతం మందికి చికిత్స విఫలమైంది. కిరాణా కొట్టులో దొరికే చవకైన వస్తువుకు ఇది చిన్న సంగతేమీ కాదు. నాకు మా వైద్యుడే రాసిచ్చారు. కానీ పేగుల్లో వాపు తెచ్చే మరో జబ్బు క్రోన్స్ వ్యాధితో పేగు ఇరుకైనవారు అదే పొట్టును సరిపడా నీళ్లు లేకుండా మింగితే పేగు అడ్డుపడే ప్రమాదం ఉంది. ఒకే వస్తువు ఒకరికి మేలు, ఇంకొకరికి ఆపద. ఆ తేడా ప్యాకెట్ మీద తెలుగులో ఎక్కడుంది?

4. మాకు రోగనిరోధక శక్తి తక్కువై జబ్బు రాలేదు. అది దారి తప్పి మా పేగునే శత్రువనుకోవడం వల్ల వచ్చింది. దాన్ని అణచడానికి ఖరీదైన మందులు వాడుతూనే, ఇంకోవైపు 'ఇమ్యూనిటీ పెంచే' సీసాలు కొంటున్నాం. కరోనా కాలంలో తిప్పతీగను ఇంటింటా మరిగించి తాగారు. ఆ కాలంలో దాన్ని వాడాక కాలేయం దెబ్బతిన్న 43 మంది వివరాలను దేశంలోని 13 వైద్య కేంద్రాల వైద్యులు 2022లో ప్రచురించారు. వారిలో మూడింట రెండు వంతుల మందిలో కనిపించింది, స్వయంగా రోగనిరోధక వ్యవస్థే కాలేయం మీద దాడి చేసిన లక్షణం. అంతకుముందు ముంబయి వైద్యులు ఇటువంటి ఆరు కేసులను వెల్లడించినప్పుడు, తిప్పతీగ సురక్షితమని ఆయుష్ శాఖ ప్రకటన చేసింది. శాస్త్రవేత్తలు వాదించుకోవచ్చు. రోగికి కావలసింది హెచ్చరిక.

5. 'సహజ' సీసాను నమ్ముకుని కొలనోస్కోపీని (గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్షను) వాయిదా వేస్తున్నవారు నాకు వ్యక్తిగతంగా తెలిసినవారే ముగ్గురున్నారు. వ్యాధి పెద్దపేగులో ఎక్కువ భాగానికి పాకినవారు సుమారు ఎనిమిదేళ్లు దాటాక క్యాన్సర్ జాడ కోసం క్రమంగా చూపించుకుంటూ ఉండాలి. ఈ వ్యాధి స్వభావమే తగ్గుతూ తిరగబెడుతూ ఉండటం కాబట్టి, తగ్గే దశలో ఏది మింగినా అదే తగ్గించినట్లు కనపడుతుంది. టీవీలో 'నాకు పూర్తిగా పోయింది' అని చెప్పే సాక్షుల్లో అబద్ధమాడని వారు కూడా ఉండవచ్చు. వాళ్లను ఆరు నెలల తర్వాత మళ్లీ ఎవరూ అడగరు.

6. నిజంగా అవసరమైనవి మాత్రం అందడం లేదు. రక్తం పోయినవారికి ఇనుము, స్టెరాయిడ్ వాడేవారికి క్యాల్షియం, విటమిన్ డి, చిన్నపేగు చివరి భాగం తీసేసినవారికి బి12, సల్ఫసలజైన్ వాడేవారికి ఫోలిక్ ఆమ్లం కావాలి. ఇవీ సప్లిమెంట్లే. 1,890 రూపాయల సీసా కొన్న నేను ఆ నెల విటమిన్ డి కొనలేదు.

విదేశాల్లో ఉన్న మన పిల్లల గురించి కూడా ఒక మాట. ఊరి నుంచి వెళ్లే ప్రతి సూట్‌కేసులో పచ్చళ్లతోపాటు చూర్ణం పొట్లాలు వెళ్తుంటాయి, అక్కడివాళ్లు ఇంటర్నెట్‌లోనూ తెప్పించుకుంటారు. 2008లో అమెరికా పరిశోధకులు ఇంటర్నెట్‌లో కొన్న 193 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే, దాదాపు అయిదింట ఒక వంతులో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి కనిపించింది. భారత్‌లో తయారైనవాటికీ అమెరికాలో తయారైనవాటికీ ఇందులో పెద్ద తేడా కనపడలేదు.

న్యాయంగా మరొకటి కూడా చెప్పాలి. నేను మొదట సంప్రదించిన ఆయుర్వేద వైద్యులు పెద్దాయన. నాడి చూసి, కొలనోస్కోపీ రిపోర్టు చదివి, కొడిసెపాల అనే మూలిక గురించీ పథ్యం గురించీ మాట్లాడి, చివరకు "నువ్వు వాడుతున్న మాత్రలు ఆపవద్దు, నేను ఏమిచ్చినా మీ డాక్టరుకు చూపించు" అని చీటీ మీద రాసి ఇచ్చారు. తర్వాత ఆ సీసా చూపించినప్పుడు, "ఇది మా శాస్త్రంలోది కాదు, బజారులోది" అన్నారు. అందువల్ల ఈ లేఖను ఆయుర్వేదానికీ ఇంగ్లీషు వైద్యానికీ మధ్య తగవుగా మార్చవద్దని మనవి.

చట్టాలు లేక కాదు. అభ్యంతరకర ప్రకటనలను నిషేధించే 1954 నాటి ఔషధాలు, మాంత్రిక చికిత్సల చట్టం, జబ్బు నయం చేయడానికి ఉద్దేశించిన ఏ పదార్థాన్నైనా ఔషధంగానే నిర్వచిస్తుంది. ఆ పదార్థానికి ఆహార లైసెన్సు ఉన్నంత మాత్రాన ఫోనులో, టీవీలో చేసిన వాగ్దానం ఆహారమైపోదు. ఆ చట్టం షెడ్యూలులో 54 జబ్బులున్నాయి. 1980లోనే ప్రపంచం నుంచి పోయిందని ప్రకటించిన మశూచి ఇప్పటికీ అందులో ఉంది. మా జబ్బు పేరు లేదు. కానీ 53వ అంశం 'జీర్ణాశయ, పేగు మార్గంలోని పుండ్లు'. పెద్దపేగు పూత అంటే అదే కదా అని నేను రాసిన ప్రశ్నకు జవాబు లేదు. యాదృచ్ఛికమే కావచ్చు, 2006 నాటి ఆహార భద్రత చట్టంలో తప్పుదోవ పట్టించే ప్రకటనలకు పది లక్షల రూపాయల దాకా జరిమానా విధించే సెక్షను కూడా 53వదే. రెండు చట్టాల్లో రెండు 53లు ఉండి కూడా ఒక సీసాను పట్టుకోలేకపోయాయి.

ఆయుర్వేద ఔషధాల ప్రకటనలకు ముందస్తు అనుమతి ఉండాలని ఔషధ నిబంధనల్లో 2018లో చేర్చిన 170వ నిబంధనను ఆయుష్ శాఖ 2024 జూలైలో తొలగించింది. ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ తొలగింపును నిలిపివేసింది. 2025 ఆగస్టులో కేసును ముగించడంతో ఆ నిలుపుదలా పోయింది. ఇంతా చేసి ఆ నిబంధన ఉన్నప్పుడైనా ఆహార లైసెన్సుతో వచ్చే సీసాలకు వర్తించేది కాదు.

కాబట్టి నా విన్నపాలు ఇవి.

మొదటిది. ఫిర్యాదు ఏ కార్యాలయానికి వచ్చినా అక్కడే తీసుకోవాలి. అది ఆహారమా, ఔషధమా, ఆయుర్వేదమా అని తేల్చి, సంబంధిత విభాగానికి పంపి, 30 రోజుల్లో ఫిర్యాదుదారుకు రాతపూర్వకంగా తెలియజేసే బాధ్యత కార్యాలయాలదే కావాలి. పచ్చకామెర్లతో లేచి నిలబడలేనివాడు మూడు కార్యాలయాల మెట్లు ఎక్కి దిగి సరిహద్దులు కొలవలేడు.

రెండవది. 1954 చట్టం షెడ్యూలులోని 53వ అంశం కిందికి అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ వ్యాధి వస్తాయని స్పష్టం చేస్తూ ఉత్తర్వు ఇవ్వాలి. రావు అని మీ అభిప్రాయమైతే అదైనా రాతలో చెప్పాలి. అప్పుడు షెడ్యూలును సవరించమని అడుగుతాం.

మూడవది. రెండు తెలుగు రాష్ట్రాల్లో అమ్మే ప్రతి మూలికా సప్లిమెంట్ మీద తెలుగులో, చదవగలిగే పరిమాణంలో, ఒక్కో మాత్రలో ఏ సారం ఎన్ని మిల్లీగ్రాములు ఉందో, పైపరిన్ కలిపారా, సునాముఖి వంటి విరేచనకారి ఉందా అన్నది ఉండాలి. కాలేయ వ్యాధి ఉన్నవారు, రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడేవారు, పేగు ఇరుకైనవారు వైద్యుణ్ని అడగకుండా వాడరాదన్న హెచ్చరిక కూడా దాని పక్కనే ఉండాలి.

నాల్గవది. ఇంగ్లీషు మందుల దుష్ఫలితాలను నమోదు చేయడానికి ఘజియాబాద్ కేంద్రంగా ఒక జాతీయ వ్యవస్థ ఉంది. ఆయుష్ ఔషధాలకు ఢిల్లీలోని అఖిల భారత ఆయుర్వేద సంస్థ సమన్వయంలో 2018 నుంచి మరొకటి నడుస్తోంది. ఆహారంగా నమోదైన సప్లిమెంట్ వల్ల కాలేయం చెడితే దాన్ని ఎక్కడ రాయాలో నాకు చికిత్స చేసిన వైద్యులకే తెలియలేదు. ఫ్రాన్స్‌లో సప్లిమెంట్ల దుష్ఫలితాలను కూడా తీసుకునే ప్రత్యేక నమోదు వ్యవస్థ ఉంది. మనకూ కావాలి, రోగి స్వయంగా తెలుగులో రాయగలిగే పత్రంతో.

అయిదవది వైద్యులకు. దయచేసి మమ్మల్ని అడగండి. "చూర్ణాలు, కషాయాలు, క్యాప్సూళ్లు ఏమైనా వాడుతున్నావా, సీసా తెచ్చావా?" అని ప్రతి రోగినీ, ప్రతిసారీ, తిట్టని గొంతుతో అడిగి, చెప్పినదాన్ని ఓపీ చీటీ మీద మిగతా మందుల పక్కనే రాయండి. అరనిమిషం పని అది. మీరు ఆ అరనిమిషం ఇస్తే, ఫోను అవతలివాడి 40 నిమిషాలకు మేము అంత తేలిగ్గా లొంగం. వీటిలో ఏది పనికొస్తుంది, ఏది రాదు అన్నది కూడా తెలుగులో ఒక పేజీ అచ్చువేసి గోడకు అంటించండి. ఇసబ్గోల్ గురించి నాకు చెప్పినంత వివరంగా కర్క్యుమిన్ గురించీ చెప్పి ఉంటే నేను ఫోను చేసేవాణ్ని కాదు.

టీవీ ఛానెళ్లకు వేరే లేఖ రాస్తాను. డబ్బు తీసుకుని వేసే అరగంట కార్యక్రమం మీద 'ఇది ప్రకటన' అన్న మాట చివరి మూడు సెకన్లలో కాకుండా మొదటి నుంచి చివరిదాకా తెర మీద ఉంచాలన్నది మాత్రం ఇక్కడే చెబుతున్నాను.

ఈ లేఖ చదువుతున్న తోటి రోగులు ఎవరైనా ఉంటే, ఇది చూసి మీ మందులు గానీ, మీ వైద్యుడు ఒప్పుకుని వాడిస్తున్న సప్లిమెంట్ గానీ ఆపవద్దు. నేను ఇప్పుడు వేరే మందు మీద ఉన్నాను, కాలేయం కుదుటపడింది, ఇంట్లో పప్పులో పసుపు మామూలుగానే వేస్తున్నాం.

ఆ సీసా నా దగ్గరే ఉంది. అందులో ఇంకా 11 క్యాప్సూళ్లు మిగిలాయి. బ్యాచ్ నంబరు చెరిగిపోలేదు, కొన్న రసీదు, ఆసుపత్రి కాగితాలు, ఫోను చేసిన తేదీలు కూడా భద్రంగా ఉన్నాయి. ప్రయోగశాలలో పరీక్షించడానికి దాన్ని ఏ చిరునామాకు పంపాలో మీలో ఏ ఒక్కరు తెలియజేసినా మరునాడే రిజిస్టర్డ్ పోస్టులో పంపుతాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడు,
ఉత్తర తెలంగాణ